వ్రాసిన చోటి నుండి నడిచే చోటికి: ప్రోగ్రాముల రవాణా చరిత్ర

భద్రాచలానికి ఎగువన, అడవి అంచున, గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం ఉన్నది. అక్కడ నదిలో బండరాళ్లు అడ్డంగా పరచుకొని ఉండుటచేత నీరు తగ్గిన కాలంలో పడవలు సాగవు. 19వ శతాబ్దం నడుమ ఆర్థర్ కాటన్ మొదలైన ఇంజనీర్లు గోదావరిని సముద్రతీరం నుండి మధ్యపరగణాల వరకు పడవల దారిగా మార్చవలెనని సంకల్పించినారు. ఆ దారిలో పెద్ద అడ్డులు మూడు. వాటిలో మొదటిది దుమ్ముగూడెం. అడ్డు వచ్చిన చోట పడవలోని సరుకు దింపవలెను. నేల మీద మోసుకొని పోవలెను. అడ్డు దాటిన పిమ్మట మరల పడవకు ఎక్కించవలెను. ఇట్లు దింపి ఎక్కించునప్పుడే మూటలు తడిసేవి, లెక్క తప్పేవి, ఆలస్యం జరిగేది. అందుకే ఇంజనీర్లు దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, దాని పక్కన కాలువ, కాలువకు లాకులు కట్టించినారు. ఖర్చు పెరిగినది, ఈలోగా 1867 నాటికే రైలు నాగపూరు చేరినది. 1871లో ఎగువ గోదావరి పడవల మార్గపు పనులు ఆపివేయబడినవి.

సరుకు ఎక్కువగా పాడయ్యేది సాఫీగా సాగే దారిలో కాదు, చేతులు మారే చోట. కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలోనూ సరిగా ఇదే జరిగినది. ప్రోగ్రాం వ్రాసే చోటు ఒకటి, అది జనానికి ఉపయోగపడుతూ నడిచే చోటు మరొకటి. ఈ రెంటి నడుమ చేతి మోత ఎట్లు తప్పినది, తప్పిన పిమ్మట కొత్తగా ఏ జాగ్రత్తలు కావలసి వచ్చినవి అన్నదే ఈ చరిత్ర.

భాండారం ఎట్లు పుట్టినది

ప్రోగ్రాం అనగా కంప్యూటరుకు వ్రాసి ఇచ్చే ఆదేశాల వరుస. ఆ వ్రాతను కోడు అంటారు. కోడు ఒకనాడు వ్రాసి ముగించేది కాదు. దిద్దుబాట్లు నిత్యం జరుగుతూనే ఉంటవి. నిన్నటి వరకు బాగా నడిచినది నేడు చెడిపోయినచో నిన్నటి ప్రతి ఎక్కడ ఉన్నదో తెలియవలెను. ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేసినారో కూడా తెలియవలెను.

ఈ అవసరం తీర్చుటకు 1972లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మార్క్ రాచ్‌కైండ్ ఒక ఏర్పాటు చేసినాడు. దాని పేరు ఎస్‌సీసీఎస్. ప్రతి మార్పుకూ మొత్తం కోడును తిరిగి వ్రాసి దాచక, పాత ప్రతికీ కొత్త ప్రతికీ గల తేడాను మాత్రం దాచుట అందులోని కీలకం. 1982లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో వాల్టర్ టిచీ ఆర్‌సీఎస్ అనే మరొక ఏర్పాటును వెలువరించినాడు. ఇందులో నేటి ప్రతి పూర్తిగా ఉంటుంది. వెనుకటి ప్రతులకు పోవుటకు కావలసిన తేడాలు దాని వెంట ఉంటవి. తరచుగా కావలసినది నేటి ప్రతియే కనుక పని త్వరగా జరిగేది.

అయితే ఈ రెంటిలోనూ ఒక ఫైలును ఒకరు దిద్దుతున్నప్పుడు సాధారణంగా మరొకరు దానిని ముట్టుకొన వీలు లేకుండెను. 1986లో ఆమ్‌స్టర్‌డాంలోని డిక్ గ్రూన్ సీవీఎస్‌కు పునాది వేసిన తరువాత పలువురు ఒకేసారి పనిచేసి, పిమ్మట తమ మార్పులను కలుపుకొనే పద్ధతి వ్యాపించినది. 2000లో సబ్‌వర్షన్ అనే మరొక ఏర్పాటు నిర్మాణం మొదలైనది.

వీటన్నిటిలో భాండారం ఒక్క చోటనే ఉండేది. ఈ స్థితిని మార్చినది గిట్. లైనక్స్ అనే ప్రసిద్ధ వ్యవస్థ నిర్మాతలు అప్పటివరకు వాడుతున్న బిట్‌కీపర్ అనే సాధనం 2005లో వారికి ఉచితంగా లభించకుండా పోయినది. లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిల్ నెలలోనే గిట్‌ను వ్రాయనారంభించినాడు. కొద్ది రోజులలోనే గిట్ కోడు గిట్‌లోనే భద్రపరచబడినది. ఇందులో ప్రతి పనివాని వద్దను భాండారం యొక్క పూర్తి చరిత్ర ఉంటుంది. మార్పును నమోదు చేయుటను కమిట్ అంటారు. ప్రతి కమిట్‌కూ దాని సారం నుండియే గణించిన 40 అక్షరాంకెల గుర్తు ఒకటి ఉంటుంది. కోడులో ఒక్క చుక్క మారినా గుర్తు మారిపోతుంది. కనుక రెండు చోట్ల గుర్తు ఒకటే అయినచో రెండు చోట్లా ఉన్నది ఒకే ప్రతి అని భావించవచ్చును.

చర్ల వంటి అడవి అంచు మండలాలలో చదువుకొనే విద్యార్థికి ఈ ఏర్పాటు ప్రత్యేకంగా ఉపయోగకరం. సిగ్నల్ లేని పల్లెలో కూర్చొని కూడా కమిట్‌లు చేయవచ్చును. సిగ్నల్ దొరికిన చోటికి వచ్చిన పిమ్మట వాటిని దూరపు భాండారానికి పంపవచ్చును. ఇట్లు పంపుటను పుష్ చేయడం అంటారు. అప్పుడు ప్రయాణించేది సాధారణంగా కొత్తగా చేరినది మాత్రమే గాని మొత్తం భాండారం కాదు.

చేతి మోత

భాండారం ఏర్పడినది. కాని కోడు నడిచేది భాండారంలో కాదు. రాత్రింబవళ్లు వెలుగుతూ, అడిగినవారికి పుటలు అందించే సర్వర్ అనే యంత్రంలో. సర్వర్లను నిర్వహించి అద్దెకు గాని ఉచితంగా గాని ఇచ్చే ఏర్పాటును హోస్టింగ్ వేదిక అంటారు. ప్రోగ్రాంను అక్కడికి చేర్చి, అమర్చి, నడిపించుటకు డిప్లాయ్‌మెంట్ అని పేరు.

దూరపు యంత్రానికి ఫైళ్లు పంపుటకు బహుకాలం ఆధారమైనది ఎఫ్‌టీపీ. దీని మొదటి నియమావళిని 1971 ఏప్రిల్‌లో వ్రాసినవాడు అభయ్ భూషణ్ అనే భారతీయుడు. ఆయన కాన్పూరు ఐఐటీ మొదటి జట్టు విద్యార్థి. నియమావళి వ్రాసిననాడు అమెరికాలోని ఎంఐటీలో ఉన్నాడు. ఎఫ్‌టీపీ ఫైళ్లను మోయుటలో సమర్థమైనదే. కాని ఏ ఫైళ్లు పంపవలెనో మనిషి చెప్పవలెను. పది ఫైళ్లు మార్చి తొమ్మిది పంపినచో పదవదానిని గుర్తుచేసే నాథుడు లేడు. నడుమ లైను తెగినచో సర్వర్‌లో సగం కొత్తది, సగం పాతది మిగులుతుంది.

ఈ లోపం ఎంతటి నష్టం తేగలదో 2012 ఆగస్టు 1న అమెరికాలో తెలిసినది. నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థకు ఆర్డర్లు పంపే సర్వర్లు 8 ఉండెను. కొత్త కోడును ఒక సాంకేతికుడు 7 సర్వర్లకు చేర్చి 8వదానిని మరచినాడు. రెండవ మనిషి సరిచూచే నియమం లేదు. ఆ 8వ సర్వర్‌లో 2003 నుండి వాడకలో లేని పాత కోడు ఒకటి నిద్రిస్తున్నది. కొత్త కోడును మేల్కొలుపుటకు ఉద్దేశించిన సంకేతం పూర్వం ఆ పాత కోడుకు ఉండిన సంకేతమే. బజారు తెరవగానే పాత కోడు మేల్కొని ఆపకుండా ఆర్డర్లు పంపనారంభించినది. కంగారులో పనివారు మిగిలిన 7 సర్వర్ల నుండి కొత్త కోడును తొలగించినారు. దానితో అన్నిటిలోనూ పాత కోడే మిగిలి చేటు మరింత పెరిగినది. సుమారు 45 నిమిషాలలో 40 లక్షల లావాదేవీలు జరిగినవి. నష్టం 46 కోట్ల డాలర్లకు మించినదని అమెరికా షేర్ల నియంత్రణ సంస్థ తేల్చినది. మోత మనిషి చేతిలో ఉన్నంతకాలం ఇట్టి మరపు ఎప్పుడైనా సంభవించవచ్చును.

పరీక్షించే యంత్రం

మోతను యంత్రానికి అప్పగించుటకు ముందు మరొక మెట్టు ఎక్కవలసి వచ్చినది. పలువురి మార్పులు కలిసినప్పుడు మొత్తం సరిగా ఉన్నదో లేదో తెలుసుకొనుట ఆ మెట్టు. పూర్వం నెలల తరబడి ఎవరి పని వారు చేసుకొని, చివరకు కలుపుకొనేవారు. ఆ కలుపుడులో వారాలు గడిచిపోయేవి. మార్పులను దినదినమూ కలపవలెను, కలిపిన ప్రతిసారీ యంత్రమే పరీక్షించవలెను అన్న అభిప్రాయం 1990ల చివర బలపడినది. దీనికి నిరంతర సమన్వయం అని పేరు పెట్టవచ్చును.

2001లో వచ్చిన క్రూయిజ్‌కంట్రోల్ ఈ పనికి తొలినాటి సాధనాలలో ఒకటి. సన్ సంస్థలో పనిచేస్తున్న కోసుకే కవగుచి వ్రాసిన హడ్సన్ 2005లో వెలువడినది. 2011లో దాని ప్రధాన శాఖ జెంకిన్స్ అన్న పేరు ధరించినది. ఇవి భాండారాన్ని కనిపెట్టి ఉండి, కొత్త కమిట్ రాగానే కోడును తెచ్చి, నిర్మించి, పరీక్షలు నడిపి ఫలితం చెప్పేవి. పరీక్ష అనగా ఇక్కడ మరొక చిన్న ప్రోగ్రామే. ప్రధాన ప్రోగ్రాంకు ఒక ప్రశ్న వేసి, వచ్చిన జవాబు రావలసిన జవాబుతో సరిపోయినదా అని చూచుట దాని పని.

2009లో ఫ్లికర్ అనే ఛాయాచిత్రాల సంస్థ ఇంజనీర్లు జాన్ ఆల్‌స్పా, పాల్ హామండ్ ఒక సభలో తాము దినానికి పదిసార్లు డిప్లాయ్ చేస్తున్నామని చెప్పినప్పుడు విన్నవారు ఆశ్చర్యపడినారు. నెలకొకసారి పెద్ద మార్పు పంపుట కంటె దినానికి పది చిన్న మార్పులు పంపుట సురక్షితమని వారి వాదం. ఇది మొదట వింతగా తోచినా ఇందులో తర్కం ఉన్నది. చిన్న మార్పులో తప్పు దొరికినచో వెతకవలసిన చోటు కూడా చిన్నదే.

భాండారానికీ వేదికకూ లంకె

ఇక మిగిలినది భాండారాన్ని హోస్టింగ్ వేదికతో కలుపుట. 2007లో ప్రారంభమైన హెరోకు అనే వేదిక ఈ విషయంలో మార్గదర్శి అయినది. గిట్‌తో కోడును దానికి పుష్ చేసినచో చాలును. నిర్మించుట, అమర్చుట, నడుపుట అదే చూచుకొనేది. 2008 ఏప్రిల్‌లో గిట్‌హబ్ అనే భాండారాల నిలయం అందరికీ తెరవబడినది. ఆ డిసెంబరులోనే గిట్‌హబ్ పేజెస్ వచ్చినది. భాండారంలో పుటలు ఉంచినచో అవే వెబ్‌సైటుగా వెలువడేవి. 2019 నవంబరులో గిట్‌హబ్ యాక్షన్స్ అందరికీ అందుబాటులోకి వచ్చినప్పటి నుండి పరీక్ష, నిర్మాణం, రవాణా మూడూ భాండారం పక్కనే జరుపుకొనే వీలు కలిగినది.

భాండారం, వేదిక వేరువేరు సంస్థలవి అయినప్పుడు వాటిని కలిపే సన్నని దారం వెబ్‌హుక్. 2007లో జెఫ్ లిండ్సే ఈ పేరు పెట్టినాడు. వేదిక నిమిషానికొకసారి భాండారాన్ని "కొత్తది వచ్చినదా?" అని అడుగుచుండనక్కరలేదు. పుష్ జరిగిన తోడనే భాండారమే వేదికకు ఒక చిన్న సందేశం పంపుతుంది. ఏ భాండారం, ఏ శాఖ, ఏ కమిట్ అన్న వివరాలు అందులో ఉంటవి. దారిన పోయేవారెవరో అట్టి సందేశమే పంపి మోసగించకుండుటకు, ఇరువురికే తెలిసిన రహస్యపదంతో గణించిన ముద్రను దానికి జతచేస్తారు. ముద్ర సరిపోనిచో వేదిక ఆ సందేశాన్ని తోసిపుచ్చవలెను.

ముద్ర సరిపోయిన పిమ్మట జరిగేది దుమ్ముగూడెం లాకులను గుర్తుకు తెస్తుంది. లాకులో రెండు తలుపులు ఉంటవి. పడవ లోనికి రాగానే వెనుక తలుపు మూస్తారు. లోపలి నీటి మట్టం అవతలి మట్టంతో సమమయ్యేవరకు ముందు తలుపు తెరవరు. వేదిక కూడా ఇట్లే చేస్తుంది. సందేశంలోని కమిట్‌ను తెచ్చుకొంటుంది, కావలసిన ఉపకరణాలు చేర్చి ప్రోగ్రాంను ఒక ప్రత్యేక స్థలంలో నిర్మిస్తుంది, పరీక్షలు నడుపుతుంది. ఏ మెట్టులో తప్పు దొరికినా అక్కడనే ఆగిపోతుంది. అంతవరకు పాత ప్రతియే జనానికి కనిపిస్తూ ఉంటుంది. అన్నీ సరిపోయినప్పుడు మాత్రం వచ్చేవారిని పాత ప్రతి నుండి కొత్త ప్రతికి ఒక్కసారిగా మళ్లిస్తుంది. పాత ప్రతిని పారవేయదు. తరువాత చిక్కు బయటపడినచో తిరిగి దానికే పోవచ్చును.

ఇట్టి సర్వర్లు ఇప్పుడు దూరదేశాలలోనే ఉండనక్కరలేదు. అమెజాన్ తన సర్వర్ కేంద్రాల సముదాయాన్ని 2022 నవంబరులో హైదరాబాదులో తెరచినది. కనుక ఖమ్మంలో పుష్ చేసిన మార్పు నిమిషాలలో హైదరాబాదులోని యంత్రంపై నడువవచ్చును.

తెలుగు మాట చేసే ప్రయాణం

తెలుగు చదువరులు ప్రతిదినం చూచే ఉదాహరణ ఒకటి కలదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ఆరంభమైనది. దానిని నడిపే ప్రోగ్రాం పేరు మీడియావికీ. వ్యాసానికి పైన కనిపించే "చర్చ", "చరిత్ర" వంటి మాటలు వ్యాసంలో భాగాలు కావు, ప్రోగ్రాంలోని సందేశాలు. వీటిని ట్రాన్స్‌లేట్‌వికీ అనే చోట స్వచ్ఛంద కార్యకర్తలు తెలుగు చేస్తారు. దీనిని ప్రారంభించినవాడు ఫిన్‌లండ్‌కు చెందిన నిక్లాస్ లాక్స్‌ట్రోమ్.

ఖమ్మంలోని ఒక ఉపాధ్యాయుడు అక్కడ ఒక ఇంగ్లీషు సందేశానికి మంచి తెలుగు మాట వ్రాసినాడని అనుకొనవచ్చును. ఆయనకు ప్రోగ్రాం వ్రాయుట తెలియనక్కరలేదు. ఆ మాటను ఒక యాంత్రిక సహాయకుడు ఇతర అనువాదాలతో కలిపి మీడియావికీ కోడు భాండారంలో చేరుస్తాడు. ఈ భాండారం 2012 మార్చిలో సబ్‌వర్షన్ నుండి గిట్‌కు మారినది. అక్కడి నుండి వారానికొకసారి "రైలు" బయలుదేరుతుంది. పనివారు దానికి పెట్టుకొన్న పేరే అది. మంగళవారం పరీక్షకు ఉంచిన వికీలకు, బుధవారం మరికొన్నిటికి, గురువారం మిగిలిన వికీపీడియాలన్నిటికీ కొత్త ప్రతి చేరుతుంది. నడుమ పెద్ద దోషం కనిపించినచో రైలును ఆపివేస్తారు. మోత యంత్రానిదే అయినా కావలి మనుషులది.

వేగం తెచ్చిన ప్రమాదం

మోత యంత్రానికి అప్పగించినంత మాత్రాన ఆపద తీరలేదు. మంచి మార్పును ఎంత వేగంగా మోస్తుందో చెడ్డ మార్పును కూడా అంత వేగంగానే మోస్తుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ రక్షణ సంస్థ తన ఖాతాదారుల యంత్రాలకు ఒక చిన్న ఫైలును యాంత్రికంగా పంపినది. భారత కాలమానం ప్రకారం అప్పుడు ఉదయం 9 గంటల 39 నిమిషాలు. ఆ ఫైలు 21వ అంశాన్ని చూడుమని చెప్పినది. ప్రోగ్రాం వద్ద ఉన్నవి 20 మాత్రమే. లేనిదానిని చూడబోయి విండోస్ యంత్రాలు కుప్పకూలినవి. 78 నిమిషాలలో సంస్థ ఆ ఫైలును ఉపసంహరించినది గాని, అప్పటికే సుమారు 85 లక్షల యంత్రాలు దెబ్బతిన్నవని మైక్రోసాఫ్ట్ అంచనా వేసినది. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చినారు.

ఆ ఫైలును సరిచూచే ప్రోగ్రాం లేకపోలేదు. ఆ ప్రోగ్రాంలోనే దోషం ఉన్నది. అదియు గాక, ఆ తరహా ఫైళ్లను మొదట కొద్ది యంత్రాలకు, పిమ్మట మరికొన్నిటికి పంపే మెట్ల పద్ధతి అప్పటికి లేదు. పిమ్మట దానిని ప్రవేశపెట్టినారు. నైట్ క్యాపిటల్‌లో ఒక సర్వర్‌ను మరచుట వలన నష్టం జరిగినది. ఇక్కడ ఏ యంత్రాన్నీ మరవకపోవుట వలన జరిగినది.

ఒక పాఠశాల ఉదాహరణ

ఈ సంగతిని తరగతిలో బోధించుటకు ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల ఉపాధ్యాయులకు గోదావరియే చక్కని ఉదాహరణ ఇస్తుంది. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ అవుతవి. 1986 ఆగస్టులో నది 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు తాకినది. విద్యార్థులు ఈ వివరాలతో ఒక పుట తయారుచేసి, దాని కోడును భాండారంలో పెట్టి, వేదికతో కలిపినారనుకొనవచ్చును.

ఒక విద్యార్థి పొరపాటున 43కు బదులు 84 అని కొట్టి పుష్ చేసినాడు. మూడు అంకెలు చిన్నదాని నుండి పెద్దదానికి వరుసగా ఉండవలెనన్న పరీక్ష ముందే వ్రాసి ఉన్నచో వేదిక అక్కడనే ఆగుతుంది, పుట మారదు. కాని అతడు 34 అని కొట్టినచో? 34, 48, 53 వరుసగానే ఉన్నవి. పరీక్ష నెగ్గినది. తప్పుడు అంకె నిమిషంలో లోకమంతటికీ కనిపించినది. పరీక్ష తనను అడుగుమన్న ప్రశ్ననే అడుగుతుంది. అడుగనిదానికి జవాబు చెప్పలేదు.

దీనికి ఉపాయం రెండు విధాలు. ప్రభుత్వ పట్టికలోని అంకెలను విడిగా వ్రాసి ఉంచి, పుటలోని అంకెలు వాటితో సరిపోవలెనన్న మరొక పరీక్ష చేర్చుట ఒకటి. ప్రధాన శాఖలో మార్పు చేరుటకు ముందు మరొక విద్యార్థి చూచి ఒప్పుకొనవలెనన్న నియమం పెట్టుట రెండవది. భాండారాల నిలయాలలో ఇట్టి నియమం పెట్టుకొనే సదుపాయం ఉన్నది. రెండూ ఉండుట మేలు. ఒకటి పొరబడినా రెండవది పట్టుకొనవచ్చును.

అటుపిమ్మట తరగతిలో ఒక ప్రయోగం చేయవచ్చును. ఒక జట్టు కావాలని తప్పులు ప్రవేశపెట్టవలెను; రెండవ జట్టు వాటిని పట్టే పరీక్షలు వ్రాయవలెను. ప్రతి తప్పు ఏ మెట్టు వద్ద ఆగినదో, ఏది ఆగక దాటిపోయినదో నల్లబల్ల మీద పట్టిక వేయవలెను. దాటిపోయిన ప్రతి తప్పుకూ ఒక కొత్త పరీక్ష పుట్టుతుంది. అది కూడా కోడుతో పాటు భాండారంలోనే చేరి, తరువాత వచ్చే విద్యార్థుల మార్పులను కూడా సరిచూస్తూ ఉంటుంది.